చుక్కాని, పటం, మానిఫెస్టు

మొన్న సంక్రాంతికి మా పెద్ద మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. కనుమ నాడు గారెలు తిని ఇంటిల్లిపాదీ నడుం వాల్చిన వేళ, అది మాత్రం వరండాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. "మానిఫెస్టులో తప్పుంది. ఛార్టు సరిచేసి హెల్మ్‌తో మళ్లీ పెడతాను. కంటెయినర్లు లేచాయో లేదో చూసి చెప్పు" అంటోంది.

నాకు పట్టబోయిన కునుకు ఎగిరిపోయింది. విశాఖ రేవులో ముప్పై నాలుగేళ్లు టాలీ గుమాస్తాగా చేసినవాణ్ణి నేను. ఓడలోంచి దిగిన ప్రతి బస్తానీ, ప్రతి పెట్టెనీ లెక్కపెట్టి రిజిస్టర్‌కి ఎక్కించడం నా పని. మానిఫెస్టు అంటే ఏ సరుకు ఎంత ఉందో, ఎవరిదో, ఎక్కడ దింపాలో చెప్పే ఓడ జాబితా. ఛార్టు అంటే సముద్రపు లోతులూ, ఇసుక దిబ్బలూ, దీపస్తంభాలూ గీసిన నావికుల పటం. హెల్మ్ అంటే చుక్కాని. ఇవన్నీ నా చెవుల్లో నానిన మాటలు. కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల నోట అవే మాటలు వినిపిస్తే కాళ్లు ఆగుతాయా? కుర్చీ దాని పక్కకి లాక్కున్నాను. ఇంటర్ చదువుతున్న మనవడూ వచ్చి చేరాడు. ఆ సాయంత్రం మేం ముగ్గురం కూచుని చూసింది మీకు చెబుతాను, వినండర్రా.

ముందు పెట్టె సంగతి. నేను 1971లో పనిలో చేరేసరికి సరుకు చాలావరకు విడివిడిగానే దిగేది. బస్తాలు, పీపాలు, చెక్కపెట్టెలు, ఇనుప చుట్టలు, ఒకదాని రూపు ఒకదానికి ఉండేది కాదు. కళాసీలు కొక్కెం వేసి లాగితే బస్తా చిరిగి పప్పులు రేవు మీదే రాలేవి. ఒక్క ఓడ ఖాళీ కావడానికి రోజులు పట్టేది. ఇలాంటి తిప్పలు చూసే, అంతకు ముందే అమెరికాలో మాల్కం మెక్‌లీన్ అనే లారీల యజమాని సరుకుని కాదు, సరుకున్న పెట్టెనే ఎత్తుదాం అనుకున్నాడు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే పాత చమురు ఓడ మీద 58 పెట్టెలు పేర్చి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. పెట్టెలో పప్పుందా, పట్టుందా అన్నది క్రేనుకి అక్కర్లేదు. మూలల్లో పట్టు దొరికితే చాలు. మా రేవులో కంటెయినర్ల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ 2003లో మొదలైంది, నేను ఉద్యోగంలోంచి దిగిపోవడానికి రెండేళ్ల ముందు. కొక్కెం లేని రేవుని కళ్లారా చూశాను.

కంప్యూటర్ల లోకంలోనూ ఆ కొక్కేల బాధే ఉండేదట. ఒక ప్రోగ్రాం రాసినవాడి మిషన్ మీద చక్కగా నడుస్తుంది. అదే ఇంకో మిషన్ మీద పెడితే "ఫలానా లైబ్రరీ లేదు", "ఉన్నది పాతది" అని మొరాయిస్తుంది. అంచేత ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ కలిపి ఒకే పెట్టెలో సర్దేశారు. ఆ పెట్టెకి కంటెయినర్ అనే పేరే పెట్టారు. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అనే ఆయన ఒక సభలో అయిదు నిమిషాలు మాట్లాడి డాకర్ అనే పనిముట్టుని చూపించాడు. పెట్టెలు సర్దడం అందరికీ చేతనయ్యేలా చేసింది డాకరే. దాని గుర్తు ఏమిటో తెలుసా? వీపు మీద కంటెయినర్లు మోస్తున్న తిమింగలం.

"పెట్టె అంటే ఇంకో కంప్యూటరా తాతయ్యా?" అన్నాడు మనవడు. కాదురా. మన వీధిలో వాటాలున్న ఇళ్లు చూడు. పునాది ఒకటే, కప్పు ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే. కానీ ఎవరి తలుపు వాళ్లది. పక్క వాటాలో ఏం వండుకుంటున్నారో కనబడదు. కరెంటుకి ఎవరి సబ్‌మీటరు వాళ్లకుంటుంది. లినక్స్‌లో ఒకరి పని ఇంకొకరికి కనబడకుండా గోడ కట్టేవాటిని నేమ్‌స్పేసులంటారు. మెమొరీ ఇంత, ప్రాసెసర్ ఇంత, అంతకు మించి వాడడానికి లేదు అని మీటరు బిగించేవి సీగ్రూపులు. ఈ రెండోదాన్ని గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టారు, 2008 జనవరిలో లినక్స్ కెర్నెల్ 2.6.24లో చేరింది. పునాది మాత్రం అందరికీ ఆ కెర్నెల్ ఒక్కటే. వేరే ఇల్లు కట్టకుండా వాటా ఇచ్చినట్టన్నమాట. అందుకే కంటెయినర్ క్షణాల్లో లేస్తుంది.

ఇక పెట్టెలు వందలయ్యాయి. మిషన్లు పదులయ్యాయి. ఏ పెట్టె ఏ మిషన్ మీద దిగాలి, ఒక మిషన్ చెడిపోతే దాని మీద పెట్టెల గతేమిటి? ఈ పెత్తనం చేసేది కుబర్నెటిస్. గూగుల్ లోపల బోర్గ్ అనే వ్యవస్థ నడిపిన అనుభవంతో చేసి, 2014 జూన్‌లో అందరికీ తెరిచి పెట్టారు. 2015 జులైలో 1.0 వచ్చింది. కె కీ ఎస్ కీ నడుమ ఎనిమిది అక్షరాలున్నాయని కె8ఎస్ అని కూడా రాస్తారు. గ్రీకులో ఆ మాటకి చుక్కాని పట్టేవాడని అర్థం. మన కర్ణధారుడే! సంస్కృతంలో కర్ణమంటే చెవి ఒక్కటే కాదు, చుక్కాని కూడా. ఆ గ్రీకు మాట లాటిన్లోకి పోయి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకొచ్చి గవర్నర్ అయింది. సైబర్నెటిక్స్ అన్న మాటకీ మూలం అదే. ఓడ నడిపేవాడి మాటలోంచి రాజ్యం నడిపేవాడి మాట పుట్టడం నాకెంతో ముచ్చటేసింది.

కుబర్నెటిస్‌తో మాట్లాడే తీరే వేరు. "ఇది చెయ్యి, అది చెయ్యి" అని చెప్పం. ఎలా ఉండాలో కాగితం మీద రాసిస్తాం. "ఈ ప్రోగ్రాం నకళ్లు మూడు నడుస్తూ ఉండాలి" అని రాస్తే, అది పగలూ రాత్రీ లెక్కపెడుతూనే ఉంటుంది. రెండే కనబడితే ఇంకోటి లేపుతుంది, నాలుగుంటే ఒకటి ఆపుతుంది. ఆ కాగితం పేరే మానిఫెస్టు. నా మానిఫెస్టే! మనవరాలు ఒకటి తెరిచి చూపించింది. యామల్ అనే పద్ధతిలో రాసి ఉంది. కైండ్ దగ్గర డిప్లాయ్‌మెంట్ అని, రెప్లికాస్ దగ్గర 3 అని, ఇమేజ్ దగ్గర పెట్టె పేరు. వరసలు ఎడమ నుంచి ఎంత జరిగి ఉన్నాయన్న దాన్ని బట్టి ఏది దేని కిందిదో తేలుతుంది. ఒక్క ఖాళీ తప్పితే అర్థం మారిపోతుంది.

చిక్కెక్కడంటే, ఒక చిన్న అప్లికేషన్‌కి కూడా ఒక్క కాగితంతో సరిపోదు. ఎన్ని నకళ్లో చెప్పే డిప్లాయ్‌మెంట్, ఆ నకళ్లన్నిటికీ ఒకే చిరునామా ఇచ్చే సర్వీస్, బయటివాళ్లకి దారి చూపే ఇన్‌గ్రెస్, సెట్టింగుల కాన్ఫిగ్‌మ్యాప్, పాస్‌వర్డుల సీక్రెట్, డిస్కు మీద జాగా అడిగే పర్సిస్టెంట్ వాల్యూమ్ క్లెయిమ్. చూస్తుండగానే పదీ పదిహేనూ అవుతాయి. కూబ్‌కంట్రోల్ అనే ఆజ్ఞతో ఒక్కొక్కటీ చేతితో దాఖలు చెయ్యొచ్చు. కానీ ఈ పదిహేనూ ఒకే సరుకుకి చెందిన కాగితాలని కట్ట కట్టి పేరు రాసి పెట్టేదెవరు?

మనవరాలు తన మొదటి ఉద్యోగంలో జరిగింది చెప్పింది. పరీక్ష కోసం పెట్టిన ఒక అప్లికేషన్ని తీసెయ్యమన్నారు. గుర్తున్న కాగితాలన్నీ ఒక్కొక్కటే రద్దు చేసింది. ఒకటి మరిచిపోయింది. బయటి రద్దీని పంచే లోడ్ బ్యాలెన్సర్‌ని అద్దెకి తెచ్చిన సర్వీసు కాగితం అది. వెనకాల ప్రోగ్రాం లేదు, వచ్చేవాళ్లు లేరు, అద్దె మాత్రం రోజూ పడుతూనే ఉంది. రెండు నెలల తర్వాత బిల్లులో కనబడింది. నాకు వెంటనే డెమరేజి గుర్తొచ్చింది. గడువు దాటి రేవులో పడి ఉన్న సరుకుకి రోజుకింత అని పడే రుసుము అది. ఎవరిదో తెలియని నాలుగు పెట్టెలు షెడ్డు మూల ఏళ్ల తరబడి ఉండిపోవడం నేనెరుగుదును. ఎప్పుడూ కారణం ఒకటే, కాగితం కట్టలోంచి ఒక కాగితం జారిపోవడం.

ఆ కట్ట కట్టే పనిముట్టు పేరే హెల్మ్. డైస్ అనే చిన్న కంపెనీ 2015లో చేసింది. ఆ నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మొట్టమొదటి కూబ్‌కాన్ సభలో పదిమందికీ చూపించారు. దీంట్లో కాగితాల కట్టని ఛార్టు అంటారు. ఛార్టులో మూడు ముఖ్యం. పేరూ, వెర్షనూ రాసి ఉండే ఛార్ట్ యామల్. ఖాళీలున్న కాగితాల సంచి, టెంప్లేట్స్. ఆ ఖాళీల్లో పడవలసిన విలువల జాబితా, వాల్యూస్ యామల్.

ఖాళీలున్న కాగితం అంటే మనవడికి అంతుపట్టలేదు. పూజకి వచ్చే పంతులుగారిని తలుచుకోమన్నాను. సంకల్పం ప్రతి ఇంట్లోనూ ఒకటే. మధ్యలో ఒక చోట ఆగి యజమాని వైపు చూస్తారు. మీరు గోత్రం చెబుతారు, ఇంట్లోవాళ్ల పేర్లు చెబుతారు. సంవత్సరం, మాసం, తిథి పంచాంగంలోంచి వచ్చి పడతాయి. మిగతా మంత్రం అక్షరం మారదు. టెంప్లేటులో ఆ ఆగే చోట రెండేసి ఫ్లవర్ బ్రాకెట్లు ఉంటాయి. వాటి నడుమ "విలువల జాబితాలో రెప్లికా కౌంట్ అని ఉన్నది ఇక్కడ వెయ్యి" అని రాసి ఉంటుంది. మనమేమీ చెప్పకపోతే? గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పించడం ఆనవాయితీ కదా, అలాగే ఛార్టు రాసినవాళ్లు ప్రతి ఖాళీకీ ఒక మామూలు విలువ ముందే రాసి పెడతారు. మనకి వేరేది కావాలంటే చెప్పుకుంటాం, లేదంటే అదే. ఒకే సంకల్పం రెండిళ్లలో చెప్పినట్టు ఒకే ఛార్టుని రెండు పేర్లతో రెండుసార్లు పెట్టుకోవచ్చు. అలా పేరు పెట్టి నిలబెట్టినదాన్ని రిలీజ్ అంటారు.

"చూపించవే" అన్నాను. దాని ల్యాప్‌టాప్‌లోనే మినీక్యూబ్ అనే బుల్లి క్లస్టర్ ఉంది. కుబర్నెటిస్ పెత్తనం చేసే మిషన్ల గుంపుని క్లస్టర్ అంటారు. పాడ్‌ఇన్ఫో అని, ఇలా చేసి చూపించడానికే పుట్టిన ఒక చిన్న అప్లికేషన్ ఉందట, దాని ఛార్టు తీసుకుంది. ముందు "హెల్మ్ షో వాల్యూస్" కొట్టి మామూలు విలువలన్నీ చదివింది. తర్వాత "హెల్మ్ టెంప్లేట్" కొట్టింది. క్లస్టర్‌ని ముట్టుకోకుండానే, ఖాళీలు పూరించిన కాగితాలన్నీ తెర మీదకొచ్చాయి. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మాకూ అంతే, ఓడ బెర్తుకి రాకముందే మానిఫెస్టు చేతికొచ్చేది. చదవకుండా సరుకు దింపినవాడు ఆనక తల పట్టుకునేవాడు. ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్లు రాసిన ఛార్టుని చదవకుండా పెట్టుకోకండర్రా. అది మీ క్లస్టర్‌లో ఏ తాళాలు అడుగుతోందో ఆ కాగితాల్లో రాసే ఉంటుంది.

అప్పుడు కొట్టింది: "హెల్మ్ ఇన్‌స్టాల్ రేవు", ఆ పక్కన ఛార్టు ఉండే చిరునామా. రేవు అన్నది రిలీజ్‌కి నా కోసం పెట్టిన పేరు. ఎంటర్ నొక్కి నేను కళ్లద్దాలు సర్దుకునేలోపు జవాబొచ్చింది. పేరు రేవు, పెట్టిన వేళ ఫలానా, స్టేటస్ డిప్లాయ్డ్, రివిజన్ 1. లోపల జరిగినది ఇది. హెల్మ్ ఖాళీలు పూరించి, కాగితాల్ని ఒక వరసలో పెట్టింది. సీక్రెట్లు, కాన్ఫిగ్‌మ్యాపులు ముందు, ఆ తర్వాత సర్వీసు, ఆ తర్వాత డిప్లాయ్‌మెంటు, ఇన్‌గ్రెస్ చివరికి. ఒకదాని మీద ఒకటి ఆధారపడేవి కదా, వరస ఉండాలి. తీసేటప్పుడు ఈ వరస దాదాపుగా తిరగబడుతుంది. ఓడ హోల్డులో చివర పెట్టింది ముందు దిగినట్టే. బ్రౌజర్ తెరిస్తే పాడ్‌ఇన్ఫో పలకరింపు ఇంగ్లీషులో కనబడింది.

రెండోసారికి మనవరాలు తన విలువలు ఒక చిన్న ఫైల్లో రాసుకుంది. రెండే వరసలు. నకళ్లు 3, పలకరింపు "నమస్కారం తాతయ్యా". "హెల్మ్ అప్‌గ్రేడ్ రేవు" అని, ఆ ఫైలు చూపించింది. రివిజన్ 2. తెర మీద పాడ్‌లు మూడయ్యాయి. పాడ్ అంటే కంటెయినర్ ఉండే గూడు, తిమింగలాల గుంపుకీ బఠాణీ కాయకీ ఉన్న ఇంగ్లీషు పేరే దానికీ పెట్టారు. బ్రౌజర్ మళ్లీ తెరిస్తే నమస్కారం తెలుగులోనే వచ్చింది. మనవడికి చెయ్యి ఊరుకోలేదు. అక్క చెప్పిన ఆజ్ఞ కొట్టి ఒక పాడ్‌ని తుడిచేశాడు. వాడు నవ్వేలోపే దాని చోట కొత్తది లేచింది, వయసు 2 సెకన్లు అని చూపిస్తూ. కర్ణధారుడు లెక్క చూసుకుంటూనే ఉన్నాడు.

విలువలు ఫైల్లో ఎందుకు రాసుకుందో కూడా చెప్పింది. ఆజ్ఞకి తగిలించే గుర్తుని జెండా అంటారు. సెట్ అనే జెండా వేసి విలువని ఆజ్ఞలోనే ఇవ్వొచ్చు. కానీ తర్వాతి అప్‌గ్రేడ్‌లో ఇంకేదో విలువ ఒక్కటే ఇస్తే, ముందు మనం ఇచ్చినవి పోయి ఛార్టు మామూలు విలువలు వచ్చి కూచుంటాయి. మూడు నకళ్లు మళ్లీ ఒకటైపోతాయి. ఫైల్లో ఉంటే ప్రతిసారీ మొత్తం చెప్పినట్టు. పైగా ఆజ్ఞలో కొట్టిన పాస్‌వర్డు టెర్మినల్ చరిత్రలో మిగిలిపోతుంది కూడా.

ఇక అసలు చూడవలసింది మూడోసారి. "తప్పు కావాలనే చేస్తున్నా, చూడు తాతయ్యా" అని ఫైల్లో ఇమేజ్ వెర్షన్‌ని ఎక్కడా లేని నంబరుగా మార్చి అప్‌గ్రేడ్ కొట్టింది. హెల్మ్ ఏమందంటే, స్టేటస్ డిప్లాయ్డ్, రివిజన్ 3. తప్పు పెడితే డిప్లాయ్డ్ అంటుందేమిటి? పాడ్‌ల జాబితా తెరిచింది. కొత్తవి రెండు లేవలేక "ఇమేజ్ పుల్ బ్యాక్ ఆఫ్" అని మూలుగుతున్నాయి. లేని పెట్టెని గోదాములో ఎన్నిసార్లు అడిగినా రాదు కదా, ఆగి ఆగి మళ్లీ అడుగుతున్నాయి. పాతవాటిలో రెండు మాత్రం నిక్షేపంగా పనిచేస్తున్నాయి. పాతదాన్ని ఒకదాన్ని ముందే పంపినా, కొత్తవి కాలు మీద నిలబడితేనే మిగతా పాతవాటిని పంపేది కుబర్నెటిస్ నడత.

ఈ డిప్లాయ్డ్ అన్న మాట దగ్గరే కుర్రాళ్లు మోసపోతారని మనవరాలు అంది. నాకది సులువుగానే అర్థమైంది. గేటు దగ్గర కాగితాలు తీసుకుని ముద్ర వేశామంటే కాగితాలు ముట్టాయనే, సరుకు దిగిందని కాదు. మా టాలీ షీటు మీద ఆ రెండింటికీ రెండు వేరే గళ్లుండేవి. సరుకు నిజంగా దిగేదాకా కాచుకోమని హెల్మ్‌కి చెప్పాలంటే వెయిట్ అనే జెండా వెయ్యాలి. దిగకపోతే నీ అంతట నువ్వే వెనక్కి తీసుకో అనడానికి హెల్మ్ 3లో అటామిక్ అని ఇంకో జెండా ఉంది. మొదటి రోజు నుంచే వెయిట్ వెయ్యడం అలవాటు చేసుకొమ్మని ఈ పని నేర్చుకునే పిల్లలకి నా మాటగా చెబుతున్నాను.

అప్పుడు "హెల్మ్ రోల్‌బ్యాక్ రేవు 2" అని కొట్టింది. రెండో రివిజన్‌కి పొమ్మని. మూలుగుతున్నవి మాయమయ్యాయి, మూడు పాడ్‌లూ పచ్చగా నిలబడ్డాయి, నమస్కారం చెక్కుచెదరలేదు. "ఇప్పుడు హిస్టరీ చూడు" అంది. నేను కుర్చీ ముందుకి జరిగి చదివాను. వరస 1, ఇన్‌స్టాల్ కంప్లీట్. వరస 2, అప్‌గ్రేడ్ కంప్లీట్. వరస 3, అప్‌గ్రేడ్ కంప్లీట్. ఈ మూడింటికీ ఎదురుగా సూపర్‌సీడెడ్, అంటే తర్వాతిది వచ్చి పాతబడింది అని. ఆ కింద వరస 4, డిప్లాయ్డ్, "రోల్‌బ్యాక్ టు 2".

చూశారా! రెండుకి వెనక్కి వెళ్లాం, కానీ నంబరు రెండు కాలేదు, నాలుగైంది. మూడోసారి చేసిన తప్పుని ఎవరూ చెరపలేదు. తప్పు జరిగిందనీ, దిద్దుకున్నామనీ రెండు వరసలూ వేళతో సహా ఉన్నాయి. నాకు ఒక్క క్షణం మాట రాలేదు. మా పెద్ద గుమాస్తాగారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. రిజిస్టర్లో కొట్టివేత ఉండకూడదు, రబ్బరు అసలే ఉండకూడదు. పదిహేను బస్తాలని పందొమ్మిదిగా రాశావా, అలాగే ఉంచు, కింద కొత్త వరసలో సవరణ రాసి సంతకం పెట్టు. పెట్టె ఎంత గట్టిదో, క్రేను ఎంత పెద్దదో అందరూ చూస్తారు. రేవుని రేవుగా నిలబెట్టేది మాత్రం ఆ రిజిస్టరే అని నేను మొదటినుంచీ అనుకునేవాణ్ణి. ఈ పిల్లల లోకంలోనూ ఎవరో అలా అనుకునే ఈ పనిముట్టు చేశారు.

ఆ రిజిస్టర్ ఎక్కడుంటుందని అడిగాను. క్లస్టర్‌లోనే, ఆ రిలీజ్ ఉన్న చోటే, సీక్రెట్ల రూపంలో ఉంటుంది. తెరిచి చూపించింది, చివర వి1, వి2, వి3, వి4 అని నాలుగున్నాయి. ఒక్కోదాంట్లో ఆ రివిజన్‌లో వాడిన ఛార్టూ, విలువలూ, పూరించిన కాగితాలూ అన్నీ కుదించి ఉంటాయి. మామూలుగా చివరి పది రివిజన్లు ఉంచుతుంది. సీక్రెట్ అన్నారని దాన్ని ఇనప్పెట్టె అనుకోకండి. బేస్64 అనే వేషం వేసి ఉంటుందంతే, చదివే అనుమతి ఉన్న ఎవరైనా విప్పుకోవచ్చు.

హెల్మ్ రెండో వెర్షన్ రోజుల్లో ఇంకో పద్ధతి ఉండేదట. క్లస్టర్ లోపల టిల్లర్ అని ఒకటి కూచుని, బయటి నుంచి వచ్చిన హెల్మ్ ఆజ్ఞల్ని అమలు చేసేది. టిల్లర్ అంటే చుక్కానికి బిగించిన పిడి. పేరు సొగసే, పనిలో తిరకాసు ఉంది. సులువుగా ఉంటుందని చాలాచోట్ల దాని చేతికి అన్ని తాళాలూ ఇచ్చేసేవారు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దగ్గర అన్ని ఫ్లాట్ల తాళపుచెవులూ ఉంటే, వాచ్‌మన్‌ని మంచి చేసుకున్నవాడు ఏ ఫ్లాట్‌లోకైనా పోగలడు. 2019 నవంబరులో వచ్చిన హెల్మ్ 3లో టిల్లర్‌ని ఎత్తేశారు. ఇప్పుడు ఆజ్ఞ ఇచ్చినవాడికి ఎంత అధికారం ఉందో హెల్మ్‌కీ అంతే. మంచి పని చేశారు. 2020 ఏప్రిల్‌లో, కుబర్నెటిస్‌ని చూసుకునే క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ హెల్మ్‌ని కూడా ఎదిగొచ్చిన ప్రాజెక్టుగా గుర్తించింది.

ఛార్టుకి రెండు వెర్షన్ నంబర్లుంటాయి, కలగాపులగం చేసుకోకండి. ఒకటి ఛార్టుది, ఇంకోటి లోపలున్న అప్లికేషన్‌ది. పెట్టె నంబరు వేరు, సరుకు బ్యాచ్ నంబరు వేరు. పెట్టేటప్పుడు ఛార్టు వెర్షన్ ఇదని స్పష్టంగా రాయకపోతే ఆవేళ ఉన్న కొత్తది వచ్చి పడుతుంది. ఇవాళ పెట్టినదీ రేపు పెట్టినదీ ఒకటి కాకపోవచ్చు.

వెనక్కి పోవడం అన్నిటికీ చెల్లదు, అది కూడా చెప్పాలి. అప్లికేషన్ కొత్త వెర్షన్ వచ్చి డేటాబేసులో పట్టికలు మార్చేసిందనుకోండి. రోల్‌బ్యాక్ కొడితే కాగితాలు పాతవి వస్తాయి, డేటా మాత్రం మారిన రూపంలోనే ఉంటుంది. పాత ప్రోగ్రాం దాన్ని చూసి తెల్లమొహం వేస్తుంది. డేటాకి బ్యాకప్ వేరే తీసుకోవలసిందే. అలాగే స్టేట్‌ఫుల్‌సెట్ అనే రకం తన నకళ్లకి అడిగి తెచ్చిన డిస్కులు, రిలీజ్‌ని తీసేసినా మామూలుగా పోవు. పొరపాటున డేటా పోకూడదని ఆ జాగ్రత్త. కానీ అవి ఉన్నాయని మరిచిపోతే మాత్రం డెమరేజి మొదలవుతుంది. తీసేశాక డిస్కుల జాబితా ఒకసారి చూసుకోవాలి. క్లస్టర్‌కి కొత్త రకం కాగితాలు నేర్పే నిర్వచనాల సంగతీ అంతే. ఛార్టులో సీఆర్‌డీస్ అనే సంచిలో పెట్టినవాటిని హెల్మ్ మొదటిసారి పెడుతుంది గానీ, ఆ తర్వాత మార్చదు, తియ్యదు. వాటిని మనమే చూసుకోవాలి.

పొద్దు వాలింది. లోపల్నుంచి కాఫీ గ్లాసులొచ్చాయి. "ఇంక తీసేస్తా తాతయ్యా" అని "హెల్మ్ అన్‌ఇన్‌స్టాల్ రేవు" కొట్టింది. ఒక్క మాట, అంతే. డిప్లాయ్‌మెంటూ సర్వీసూ అన్నీ పోయాయి. పాడ్‌లని అడిగితే ఏమీ లేవంది. ఒక్క కాగితం మిగల్లేదు. నేను "ఏదీ, హిస్టరీ తియ్యి" అన్నాను. రిలీజ్ నాట్ ఫౌండ్ అని వచ్చింది. రిలీజ్‌తో పాటు దాని రిజిస్టర్ కూడా పోతుందట!

నాకు నచ్చలేదు. సరుకు వెళ్లిపోవచ్చు, సరుకు వచ్చి వెళ్లిందన్న వరస ఉండాలి కదమ్మా అన్నాను. మనవరాలు నా మొహం చూసి, అదే ఛార్టుని అదే పేరుతో మళ్లీ పెట్టింది. తీసేటప్పుడు ఈసారి "కీప్ హిస్టరీ" అన్న జెండా చేర్చింది. పాడ్‌లు పోయాయి. హిస్టరీ అడిగితే ఒకే ఒక్క వరస వచ్చింది. రివిజన్ 1, కనుమ నాటి తేదీ, సాయంత్రం 5 గంటల 52 నిమిషాలు, స్టేటస్ అన్‌ఇన్‌స్టాల్డ్.

మనవణ్ణి పెన్ను తెమ్మని, ఆ వరసని అలాగే నా డైరీలో ఎక్కించుకున్నాను.